కత్తెరాయన ఎదుటి కుర్చీ

రండి, ఇలా దగ్గరికి జరగండి. గుమ్మంలో కూర్చున్నవాళ్ళు లోపలికి రండి, అక్కడ కూర్చుంటే సగం కథ గాలికి పోతుంది. వెనకవాడి మోకాలు ఎవరి వీపులో గుచ్చుకుంటోందో వాళ్ళు కాస్త పక్కకి తప్పుకోండి. సర్దుకున్నారా? ఇక వినండి.

ఒక ఊళ్ళో జుట్టు కత్తిరించే ఆయన ఒకడుండేవాడు. ఊరంతా ఆయన్ని కత్తెరాయన అనేవాళ్ళు. పొద్దున్నే సెలూన్ తలుపు తీసి, నేల ఊడ్చి, కుర్చీ తుడిచి, కత్తెరని రెండుసార్లు గాల్లో కిచకిచలాడించి, అప్పుడు గానీ రేడియో పెట్టేవాడు కాదు. ఉన్నది ఒకటే కుర్చీ. దాని ఎదురుగా గోడంత అద్దం. మనిషి వచ్చి కూర్చోగానే మెడకి గుడ్డ చుట్టి, వెనక నిలబడి, అద్దంలో ఆ మొహం చూస్తూ కబుర్లు మొదలుపెట్టేవాడు. ఎవరి అల్లుడు అలిగాడు, ఎవరి పైకప్పు కారుతోంది, రేడియోలో ఏ పాట బాగుంటుంది, అన్నీ ఆయన నోట్లోనే ఉండేవి.

అయితే ఆ మాటలన్నీ అద్దంలోకే. అలవాటంటే అలవాటే మరి. రోడ్డు మీద ఎవరైనా ఎదురుపడి పలకరిస్తే కత్తెరాయన నాలుక పిడచకట్టుకుపోయేది. మెల్లిగా చుట్టూ తిరిగి వాళ్ళ వీపు వెనక్కి చేరాక గానీ నోరు పెగిలేది కాదు. ఊళ్ళోవాళ్ళకీ అది అలవాటైపోయింది. ఆయన కనబడగానే మర్యాదగా వెనక్కి తిరిగి నిలబడి, ‘ఏమిటి విశేషాలు’ అనేవాళ్ళు.

భార్య ఉన్నన్నాళ్ళూ భోజనానికి ఏ ఇబ్బందీ లేదు. మధ్యాహ్నం తలుపు దగ్గరగా వేసి, ఇద్దరూ బెంచీ మీద పక్కపక్కన కూర్చుని, అద్దంలో ఒకరినొకరు చూసుకుంటూ తినేవాళ్ళు. ఆవిడ పోయాక అద్దంలో ఆయనొక్కడే మిగిలాడు. తన మొహం తానే చూసుకుంటూ తింటే ముద్ద దిగదు కదా. నిలబడే రెండు ముద్దలు మింగి చెయ్యి కడిగేసుకునేవాడు. కొన్నాళ్ళకి చొక్కా ఆయన ఒంటిమీద కొక్కేనికి తగిలించినట్టు వేలాడింది.

ఆయనకో అక్క ఉంది. ఆవిడ ఇంట్లో మనుషులకన్నా నియమాలు ఎక్కువ. చెప్పులు ఇక్కడే విడవాలి, గొడుగు అక్కడే పెట్టాలి, చీకటి పడగానే దీపాలార్పాలి, నవ్వితే పళ్ళు కనబడకూడదు. ఒకరోజు ఆవిడ సెలూన్‌కి వచ్చి తమ్ముడి మెడ ఎముకలు చూసి, కొట్టు మూసేసి తన ఇంటికి వచ్చి ఉండమంది. కొట్టు లేకపోతే ఆ మనిషికి నోరే లేదు. అక్క వెనక్కి చేరి బతిమాలాడు. సరిగ్గా అప్పుడే ఓడల కంపెనీలో పనిచేసే ఖాతాదారు ఒకడు, విహార ఓడలో ఒంటి మంచం గది ఒకటి మిగిలిపోయిందని, కారుచౌకగా ఇప్పిస్తానని చెప్పి ఉన్నాడు. ఆ ముక్క చెబితే అక్క ఇలా అంది.

“సరే, వెళ్ళు. ఆ ఓడలో వందలమంది ఉంటారు. ఒక్క మనిషితో కూర్చుని కడుపునిండా తిని వచ్చావా, కొట్టు నీది. లేదూ, ఓడ దిగిన చోటే తాళంచెవి నా చేతిలో పెట్టు. ఇందులో మళ్ళీ సణుగుడు ఉండకూడదు ఒరేయ్.”

తాళంచెవి జేబులో వేసుకుని కత్తెరాయన ఓడెక్కాడు.

ఓడ భోజనశాల మన బడికి పదింతలుంటుంది. నిండా దీపాలు, తెల్లటి గుడ్డలు పరిచిన టేబుళ్ళు, ప్రతి టేబులు చుట్టూ నవ్వుతూ తుళ్ళుతూ జనం. మొదటి సాయంత్రం కత్తెరాయన గుమ్మంలో నిలబడి చూశాడు. అందరూ ఒకరికొకరు ఎదురుగా కూర్చున్నారు. అందరికీ మొహాలే. చివరికి ఎలాగో ధైర్యం చేసి, ఒక లావుపాటి పెద్దమనిషి కుర్చీ వెనక నిలబడి, తనకి తెలిసిన మంచిమాటతో మొదలుపెట్టాడు. తమరి సుడి కుడివైపుంది, ఎడమకి దువ్వితే జుట్టు ఎదురు తిరుగుతుంది అన్నాడు. పెద్దమనిషి వెనక్కి తిరక్కుండానే, అలాగే, ముందు ఒక సూప్ పట్రమ్మన్నాడు.

ఏం చేస్తాడు? ఆ పెద్దమనిషి వెనక్కి తిరిగితే మాట పడిపోతుంది. వెళ్ళి సూప్ తెచ్చాడు. అది చూసి పక్కావిడ నిమ్మకాయ నీళ్ళడిగింది. ఆవిడ మనవడు ఫోర్కు కింద పడేశాడు. ఆ సాయంత్రమంతా కత్తెరాయన వడ్డిస్తూనే ఉన్నాడు, చివరికి ఆకలితో వెళ్ళి పడుకున్నాడు. మర్నాడు గుమ్మంలో కనబడగానే నాలుగు టేబుళ్ళ వాళ్ళు చిటికెలేసి పిలిచారు.

పెద్ద సర్వరు వచ్చి మెల్లిగా మోచెయ్యి పట్టుకున్నాడు. గుండ్రటి మొహం, సన్నటి మీసం, ఎంత పరుగెత్తినా పళ్ళెం తొణకని మనిషి.

“సార్, మీరిలా మా పొట్ట కొడితే ఎలా చెప్పండి? వచ్చి కూర్చోండి.”

అని కిటికీ పక్కనున్న పాత చెక్క టేబులు దగ్గర కూర్చోబెట్టాడు. దాని కాళ్ళు కొంచెం వంకర. మిగతా టేబుళ్ళకన్నా ఇది వయసులో పెద్దదని, ఓడకన్నా ముందే పుట్టిందని, ఒంటరి భోజనం మాత్రం దానికి సహించదని చెప్పాడు. చెప్పి సూప్ పెట్టి, కత్తెరాయన కాళ్ళకేసి చూశాడు.

“కాళ్ళు కాస్త ముడుచుకోండి సార్. బయల్దేరుతుంది.”

టేబులు బయల్దేరింది. తొందరేమీ లేదు, బరువు మోసే ముసలి ఎద్దులా ఒక్కో కాలూ ఎత్తి పెడుతూ నడిచింది. సర్వర్లు పళ్ళేలు పైకెత్తి దారిచ్చారు. కత్తెరాయన కుర్చీతో సహా దాని వెంబడే జరుక్కుంటూ వెళ్ళాడు. అది తిన్నగా వెళ్ళి ఒక పెద్ద కుటుంబం పక్కన ఆగింది. వాళ్ళు ఉప్పు జాడీ జరిపి చోటిచ్చారు. బామ్మగారు ఆయన మొహంలోకి చూస్తూ, ఏ ఊరు బాబూ, పిల్లలెంతమంది అని అడిగింది. కత్తెరాయన చెంచా ఎత్తి అందులో బామ్మగారి మొహం వెతుక్కున్నాడు. చెంచాలో ఆవిడ తలకిందులుగా ఉంది. తలకిందులుగా ఉన్న మనిషితో ఏం మాట్లాడతాం? టేబులు కాసేపు చూసి, ఊరుకుని, వెనక్కి నడిచింది.

మర్నాడు పొద్దున కొత్తగా పెళ్ళయిన జంట వైపు సగం దూరం వెళ్ళి, దానికే సిగ్గేసిందో ఏమో, తిరిగొచ్చింది. ఆ సాయంత్రం పేకాడుకునే ముసలివాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళింది. మంచివాళ్ళు పాపం, ఆయన పలక్కపోయేసరికి చెవుడనుకుని గట్టిగట్టిగా అరిచారు. పక్క టేబుళ్ళవాళ్ళు కూడా లేచి, ఆయనకేం కావాలో కనుక్కోమని అరిచారు. ఆ గోలలో కత్తెరాయన బ్రెడ్డు ముక్క జేబులో వేసుకుని గదికి పారిపోయాడు. గదిలో మంచం మీద కూర్చుని బ్రెడ్డు కోసం జేబులో చెయ్యి పెడితే తాళంచెవి చేతికి తగిలింది. ప్రయాణం సగం పైన అయిపోయింది. తన కుర్చీ, తన అద్దం, తన రేడియో కళ్ళముందు మెదిలాయి. ఆ తర్వాత అక్క ఇంట్లో గొడుగు పెట్టే చోటు మెదిలింది.

మరుసటి సాయంత్రం టేబులు జనం వైపు పోనేలేదు. భోజనశాల చివరికంటా నడిచింది. అక్కడ మూలన, పెద్ద అద్దాల కిటికీ వైపు తిరిగి, హాలంతటికీ వీపు పెట్టి ఒకావిడ ఒక్కతే కూర్చుని ఉంది. పొట్టి జుట్టు, నిటారు వెన్ను, చేతులు రెండూ టేబులు మీద దూరదూరంగా పెట్టుకుని ఏదో పెద్ద చక్రం పట్టుకున్నట్టుంది. కత్తెరాయన టేబులు ఆవిడ టేబులు పక్కకి వెళ్ళి, రెండూ ఒకటే అన్నట్టు ఆనుకుని ఆగింది. ఇద్దరూ పక్కపక్కన, ఇద్దరి మొహాలూ కిటికీకే.

అప్పుడే బయట సముద్రం మీద పొద్దుగుంకింది. లోపల దీపాలు వెలిగాయి. కిటికీ అద్దం నల్లబడి, అందులో హాలంతా తేలింది. ఆ అద్దంలో ఆవిడ కళ్ళు పైకెత్తి ఆయన్ని చూసింది.

“ఎక్కడ దిగాలి?” అంది.

“చివరి స్టాపు,” అన్నాడు కత్తెరాయన. అనేశాక గానీ తన నోట మాటొచ్చిందని తెలియలేదు.

ఆవిడ నవ్వేసి, ఏమనుకోవద్దని, అది నోటికి పట్టిన తుప్పని చెప్పింది. జీవితమంతా సిటీ బస్సు నడిపిందట. అందరూ డ్రైవరమ్మా అనేవాళ్ళట. మాట్లాడినవాళ్ళందరూ ఆవిడ తల వెనక నుంచి మాట్లాడినవాళ్ళే. వాళ్ళని ఆవిడ చూసిందంతా తలపైనున్న చిన్న అద్దంలోనే. పరీక్షకి పోయే పిల్లలు, పోట్లాడుకునే మొగుడూ పెళ్ళాలు, దిగాల్సిన స్టాపు దాటిపోయినా లేవని వాళ్ళు, అందరూ ఆ అద్దంలో ఆవిడకి చుట్టాలు. బస్సు దిగిపోయి ఇంట్లో కూర్చున్నాక, ఎదురుగా మనిషి కూర్చుంటే కళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియక, పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ పోవడమే మానేసిందట.

కత్తెరాయన అద్దంలోకి చూస్తూ అడిగాడు. “చెవి వెనక జుట్టు ఎవరో పరధ్యానంగా కత్తిరించారండీ. ఎవరు వాడు?”

“నేనే. మీకేమైనా అభ్యంతరమా?”

“అభ్యంతరం కాదండీ. బాధ.”

ఆవిడ నవ్వుకి సర్వర్లు తిరిగి చూశారు. ఆ పూట కత్తెరాయన పళ్ళెం రెండుసార్లు ఖాళీ అయింది. పెద్ద సర్వరు ఏమీ అడక్కుండానే మూడోసారి వడ్డించి వెళ్ళాడు. తర్వాతి సాయంత్రాలు కూడా అంతే. చీకటి పడటమే ఆలస్యం, ఇద్దరూ కిటికీ ముందు చేరేవాళ్ళు. కత్తెరాయన బెల్టు ఒక బెజ్జం వదులు చేసుకోవాల్సొచ్చింది.

ఇక్కడితో కథ అయిపోయిందనుకుంటున్నారు కదూ? కూర్చోండి. ఇంకా ఉంది.

ఆఖరి రోజు వచ్చింది. ఓడ మధ్యాహ్నం దాటాక ఒడ్డు చేరుతుంది. ఉన్నది పగటి భోజనం ఒక్కటే. ఇద్దరూ వచ్చి కిటికీ ముందు ఆ వంకర కాళ్ళ టేబులు దగ్గరే పక్కపక్కన కూర్చున్నారు. ఎండ పేలిపోతోంది. కిటికీలో నీళ్ళు తప్ప ఏమీ లేదు, మొహమన్నదే లేదు. కత్తెరాయన చెంచాతో సూప్ కలుపుతూ కూర్చున్నాడు. అక్క పెట్టిన షరతు ఎలాగూ నెరవేరింది, కొట్టు దక్కినట్టే. కానీ ఆయన బెంగ ఇప్పుడు కొట్టు మీద లేదు. ఈ మనిషిని ఒక్క మాట అడక్కుండా దిగిపోతే, రేపు మధ్యాహ్నం ఆ అద్దంలో మళ్ళీ ఒక్క మొహమే. ఆవిడ కూడా చేతులు చక్రం మీద పెట్టుకున్నట్టు పెట్టుకుని నీళ్ళకేసి చూస్తోంది. సూప్ చల్లారిపోయింది.

దూరాన్నించి చూస్తున్న పెద్ద సర్వరు గబగబా వచ్చి గ్లాసులు రెండూ చేతుల్లోకి తీసుకున్నాడు.

టేబులు తిరిగింది. కుర్చీలు రెంటినీ చెరో పక్కకీ నెట్టుకుంటూ, వంకర కాళ్ళతో మెల్లిగా, పడవ ఒడ్డుకి తిరిగినట్టు తిరిగి నిలబడింది. ఇప్పుడు వాళ్ళిద్దరి మధ్యా టేబులు మాత్రమే ఉంది. సర్వరు గ్లాసులు కింద పెట్టి వెళ్ళిపోయాడు.

కత్తెరాయన కళ్ళు దించుకున్నాడు. తర్వాత ఎత్తాడు. ఎదురుగా ఉన్నది తనకి తెలిసిన మొహమే, కానీ ఏదో తేడాగా ఉంది. అదేమిటో చూడాలని చూస్తూ, చూస్తూ, భయపడటం మరిచిపోయాడు.

“మీ పుట్టుమచ్చ ఇటు బుగ్గ మీద ఉండాలి కదండీ. అటు పోయిందేమిటి?”

ఆవిడ బుగ్గ తడుముకుంది. ఆయన తలకేసి చూసింది.

“మీ పాపిడి కూడా అటుకి మారింది. నేను ఇన్నాళ్ళూ వేరే ఆయనతో తిన్నానన్నమాట.”

“ఆయనకన్నా నేను నయమేనా?”

“చూడాలి. మీ ఊరికి బస్సుందా?”

ఉందని, గంటకొకటి ఉందని చెప్పాడు. డ్రైవరెవరైనా సరే కుదిపి కుదిపి తోలతాడని కూడా చెప్పాడు. ఆదివారం పూట కొట్టుకి సెలవని, చెవి వెనక ఆ జుట్టు తను సరిచేస్తానని, ఇద్దరూ కలిసి భోంచేయవచ్చని, ఒక్క ముక్క తడబడకుండా ఆవిడ కళ్ళలోకి చూస్తూ చెప్పాడు. ఆవిడ వస్తానంది. చల్లారిన సూప్ ఇద్దరూ తాగారు. ఆ తర్వాత పెద్ద సర్వరు టేబులు కాళ్ళ కీళ్ళకి నూనె రాస్తూ కనబడ్డాడని చెబుతారు.

ఒడ్డున అక్క నిలబడి ఉంది, చెయ్యి చాచుకుని. ఆవిడ తమ్ముడి సంగతి ఆవిడకి తెలియదా? వాడు ఇప్పుడు తన చుట్టూ తిరిగి వెనక్కి వస్తాడని, అలవాటు కొద్దీ సగం వీపు కూడా తిప్పింది. కత్తెరాయన తిరగలేదు. ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. పుట్టి బుద్ధెరిగాక అక్క మొహాన్ని అంత దగ్గరగా చూడటం ఆయనకదే మొదలు. అక్క కనుబొమ్మలు తెల్లబడ్డాయి. బుగ్గలు లోపలికి పోయాయి. మెడ ఎముకలు, అచ్చం తనవి ఉన్నట్టే, పైకి కనబడుతున్నాయి.

తినొచ్చానని గానీ, కొట్టు నాదని గానీ ఆయన అనలేదు.

“అక్కా, నువ్వు ఎవరితో తింటున్నావు?” అన్నాడు.

అక్క చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. గొడుగు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

“ఆదివారం కొట్టుకి రా. ఇంకో ఆవిడ కూడా వస్తోంది. ముగ్గురం తిందాం,” అన్నాడు తమ్ముడు.

“చెప్పులు ఎక్కడ విడవాలి?” అంది అక్క. ఆవిడ నోటికి అప్పుడు వచ్చింది అదే.

“నీ ఇష్టమొచ్చిన చోట.”

సరే, లేవండి ఇక. చీకటి పడుతోంది, మీ ఇళ్ళల్లో అన్నం పొయ్యి మీదనుంచి దించేసి ఉంటారు. వెళ్ళి కాళ్ళూ చేతులూ కడుక్కుని భోజనానికి కూర్చోండి. పుస్తకం ముందు పెట్టుకుని తినకండి. వడ్డించేవాళ్ళు ఇంకా తినలేదేమో, ఒకసారి మొహంలోకి చూసి అడగండి. పదండి పదండి, తోసుకోకండి, గుమ్మం ఎక్కడికీ పోదు.