శనివారం మూసే ఫ్యాక్టరీ

శనివారం మూసి ఆదివారం తెరిచే ఫ్యాక్టరీ కోసం గిరిజ మూడు వారాలుగా టెక్సస్‌లో వెతుకుతోంది.

ఇప్పటికి ఎనిమిది వందల మైళ్ళు తిరిగింది. పశువుల దొడ్లు చూసింది. ఎరువుల గోదాములు చూసింది. కుక్కల తిండి తయారుచేసే షెడ్డు ముందు కారాపి గేటు దగ్గర మనిషిని అడిగింది. "ఆదివారం మూస్తాం మేడమ్, చర్చికి వెళ్ళాలి కదా," అన్నాడతను. ఎక్కడ అడిగినా ఆదివారమే.

2011 జులై. బయట నూట ఆరు డిగ్రీల ఫారెన్‌హీట్. కారులో ఏసీ పొద్దున్నే పోయింది. ఇంక తిరిగే ఓపిక లేక ఆమె కారుని ట్రైలర్ వైపు తిప్పింది.

ఇర్వింగ్‌కి గంటన్నర దూరంలో, ఎండిపోయిన గడ్డి మైదానం మధ్య ఉంది వాళ్ళ యూనివర్సిటీ ట్రైలర్, చక్రాల మీద నిలబెట్టిన చిన్న ల్యాబ్. కప్పు మీదున్న సన్నటి గొట్టం బయటి గాలిని పీల్చి లోపలి యంత్రానికి ఇస్తుంది. గాలిలో అమీన్లు ఎన్ని ఉన్నాయో యంత్రం లెక్కపెడుతుంది. నైట్రోజన్ ఉన్న కర్బన పదార్థాలవి. పేడ నుంచీ, కుళ్ళే ప్రతిదాని నుంచీ వస్తాయి. గాలిలో లక్ష కోట్ల అణువులకి నాలుగో ఐదో ఉంటాయి, అంతే.

అలాంటిది మే నెల నుంచి రోజూ మధ్యాహ్నం పన్నెండున్నరకి ఆ నాలుగు మూడొందలవుతోంది. తర్వాత మెల్లగా దిగుతూ తెల్లవారేసరికి మామూలవుతోంది. శనివారం మాత్రం రాదు. ఆదివారం మళ్ళీ హాజరు.

"ఆ ఫ్యాక్టరీని పట్టుకో," అన్నాడు ప్రొఫెసర్ హాల్‌బర్గ్. "జర్నల్‌కి పేపర్ పంపుదాం. డిసెంబరుకి నీ పీహెచ్‌డీ అయిపోతుంది."

ఆరేళ్ళుగా చేస్తోంది ఆ పీహెచ్‌డీ. ప్లెయిన్స్‌బరోలో ఒక మందుల కంపెనీ జనవరిలో వచ్చి చేరమంది, డిగ్రీ చేతిలో ఉంటేనే. డిసెంబరు దాటితే ఆ ఉద్యోగం లేదు.

ఒక్కటే ఆమెకి మింగుడుపడలేదు. గాలి దక్షిణం నుంచి వీచినా, ఉత్తరం నుంచి వీచినా మూడొందలే. ఆ మాట ప్రొఫెసర్‌కి చెప్పింది కూడా. "అయితే రెండు ఫ్యాక్టరీలు," అన్నాడాయన.

ట్రైలర్‌లో ధర్మారావు ఉన్నాడు. బందరు మనిషి, నలభై దగ్గర పడుతున్నా, పీహెచ్‌డీ అయ్యాక కూడా ఇక్కడే పరిశోధన చేస్తున్న పోస్ట్‌డాక్. పొద్దున పదకొండు దాకా గిరిజ డ్యూటీ, ఆ తర్వాత ఆయనది. ఈ రెండు నెలల్లో మధ్యాహ్నం పూట ఆమె ఇక్కడికి రావడం ఇదే మొదలు.

"ఏంటమ్మాయ్, ఈ టైములో? ఫ్యాక్టరీ దొరికిందా?"

"ఏసీ పోయింది ధర్మారావు గారూ."

"ఫ్రిజ్‌లో నీళ్ళున్నాయి. నీ వాలకం చూస్తే నిన్నే ఫ్రిజ్‌లో పెట్టాలి. తిన్నావా?"

"ఆకలి లేదు."

"వాసన తగిలితే అదే వేస్తుంది, కూర్చో."

ఆయన గోడ మీద స్విచ్ నొక్కాడు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ గరగరా తిరిగింది. తర్వాత గాజు గిన్నె మూత తీసి మైక్రోవేవ్‌లో పెట్టాడు.

"ఫ్యాన్ ఎందుకు?"

"లోపల వాసన నిలవకూడదు కదా. యంత్రం ఉన్న గది. మనకీ బాధ్యత ఉండాలి."

రెండు నిమిషాలకి వచ్చింది వాసన. ఎండు రొయ్యలు, వంకాయ.

గిరిజ కళ్ళు స్క్రీన్ మీద పడ్డాయి. నాలుగు. తొమ్మిది. నలభై.

ఆమె లేచి బయటికి వెళ్ళింది. ఫ్యాన్ గాలి వదిలే కంత గోడకి పైన ఉంది. దానికి నాలుగడుగుల ఎత్తులో, సరిగ్గా తలమీద, గొట్టం నోరు. కింద నుంచి వచ్చినదాన్ని వచ్చినట్టు తాగుతోంది.

చేపకి నీచు వాసన ఇచ్చేది అమీనే. ఆ సంగతి ఆమె ఏటా మొదటి సంవత్సరం పిల్లలకి పాఠం చెబుతుంది. అది గొట్టం గోడలకి అంటుకుని గంటల తరబడి వదలదనీ తెలుసు. తెల్లవారేదాకా మెల్లగా దిగేది అందుకే.

లోపలికి వచ్చింది. "రోజూ ఇదేనా?"

"రోజూ ఇదే అయితే ఎట్లా? ఒకరోజు రొయ్యలు, ఒకరోజు మెత్తళ్ళు, ఒకరోజు సావడాయలు. ఇండియన్ స్టోర్లో అన్నీ దొరుకుతున్నాయిగా."

"శనివారం?"

"శనివారం నీచు ముట్టను. వెంకన్నకి మొక్కు. పెరుగన్నం తెచ్చుకుంటా…"

చెయ్యి గిన్నె మీదే ఆగిపోయింది. ఆయన స్క్రీన్ వైపు చూశాడు. మూడొందల పన్నెండు.

లేచి ఫ్యాన్ ఆపేశాడు.

"లాగ్‌బుక్‌లో అన్నీ రాశాను గిరిజా," అన్నాడు. "గడ్డి కోసే బండి వచ్చినా రాశాను. పక్క రోడ్డు మీద ట్రక్కు ఆగినా రాశాను. భోజనం రాయాలని తట్టలేదు."

"ఇక్కడ తినమన్నది నేనే కదా."

నిజమే. డిపార్ట్‌మెంట్ వంటగదిలో ఎవరో మైక్రోవేవ్ మీద చీటీ అంటించారు, దయచేసి చేపలు వద్దని. ఆయన మొహం చూడలేక, సైట్‌లో తినండి, అక్కడెవరికీ వాసన రాదు అంది గిరిజ. తన అపార్ట్‌మెంట్‌లోని మైక్రోవేవ్ తెచ్చి ఇక్కడ పెట్టింది కూడా తనే.

"రేపట్నుంచి తేను," అన్నాడు ధర్మారావు గొంతు తగ్గించి. "ఫ్యాక్టరీ మూతపడిందనుకుంటాడు హాల్‌బర్గ్. నీ పేపర్ నువ్వు పంపుకో. డిసెంబరుకి వెళ్ళిపో. ఎవరికి తెలుస్తుంది?"

గిరిజ కుర్చీలో వెనక్కి వాలింది. నిజంగానే ఆలోచించింది. ఎవరికీ తెలియదు. కానీ పేపర్ చదివి రేపు ఇంకో పిల్లెవరో ఇదే హైవే మీద, ఇదే ఎండలో, లేని ఫ్యాక్టరీ కోసం తిరుగుతుంది. ఆ తిరుగుడు ఎలా ఉంటుందో తనకి తెలుసు.

"మీ పేరు రాయాల్సి వస్తుంది," అంది.

ఆయన గిన్నెలోకి చూశాడు. "రాయి. కూర పేరు కూడా రాయి. వంకాయ తప్పేం లేదని రాయి."

ఫోన్‌లో హాల్‌బర్గ్ మొత్తం విన్నాడు. కోపగించుకోలేదు. కోపగించుకుంటే బాగుండుననిపించింది ఆమెకి.

"శుభ్రంగా ఉన్న శనివారాలు ఎన్ని?"

"తొమ్మిది."

"తొమ్మిది రోజులతో థీసిస్ అవదు గిరిజా. గొట్టం మార్చి మళ్ళీ మొదలుపెట్టండి. వచ్చే వేసవి కూడా కొలుద్దాం."

ప్లెయిన్స్‌బరోకి మెయిల్ రాయడానికి నాలుగు లైన్లు చాలాయి. జనవరికి రాలేను, క్షమించండి. పంపి, ఫోన్ బోర్లా పెట్టేసింది.

మర్నాడు సోమవారం మధ్యాహ్నం ట్రైలర్‌కి మైలు దూరంలో, కంచె పక్కన గిరిజ కారు ఆగి ఉంది. అద్దాలన్నీ దించి ఉన్నాయి. ధర్మారావు పేపర్ ప్లేటులో అన్నం పెట్టి అందించాడు.

"ఏసీ బాగుచేయించవా?"

"వచ్చే వేసవికి చేయిస్తాలెండి."

రొయ్యలు బాగున్నాయి. రెండోసారి వడ్డించుకుంది. తర్వాత చెయ్యి తుడుచుకుని, ఒళ్ళో లాగ్‌బుక్ పెట్టుకుని రాసింది: "పన్నెండూ ఇరవై. భోజనం, ఇద్దరు. ఎండు రొయ్యలు, వంకాయ. ట్రైలర్‌కి ఉత్తరంగా ఒక మైలు. గాలి దక్షిణం నుంచి."

ధర్మారావు తొంగి చూశాడు. "మజ్జిగ రాయలేదు," అన్నాడు.

రాసింది.