పోస్టరు మీది అమ్మాయి

ఏలూరులో శేషగిరిరావుగారి కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ మేడ మీద ప్రతి ఆదివారం కొందరు యువతీయువకులు కలుస్తారు. ఎవరు కొత్తగా ఏం తయారు చేశారో అక్కడ చూపించుకుంటారు. చూసేవారికి ముచ్చటేస్తుంది. అయితే టీ ఫ్లాస్కు పైకి రాగానే లేచి కప్పులు అందించేది ఎప్పుడూ ఆడపిల్లలే. ఇందులో తప్పేముందని అక్కడ ఎవరికీ తోచదు. మనలో చాలామందికీ తోచదు.

షాహీన్‌కూ మొదట్లో తోచలేదు. ఆమె తండ్రి సుభాని తివాచీలు నేసేవాడు. ఆయన మగ్గం దగ్గర రంగులు చూసి పెరిగిన ఆ పిల్ల ఇప్పుడు కంప్యూటర్ మీద డిజైన్లు చేస్తోంది. బృందంలో ఆమెకు దగ్గరి స్నేహితురాలు తాడేపల్లిగూడెం నుంచి రైల్లో వచ్చే ఏంజెల్. కొల్లేటి చెరువుల్లో ఆక్సిజన్ తగ్గితే చేపల రైతు ఫోన్ మోగేలా ఏంజెల్ ఒక ప్రోగ్రాం రాసింది. దానికోసం ఎండలో గట్ల వెంట తిరిగింది, రైతుల్ని అడిగింది, రాసింది చెరిపి మళ్లీ రాసింది.

ఆ ఏడు వార్షిక సభకు 'టెక్నాలజీలో మహిళాశక్తి' అని పేరు పెట్టి, పోస్టరు పని షాహీన్‌కు అప్పగించారు. వక్తలందరూ మగవాళ్లే. ఏంజెల్ ప్రోగ్రాం గురించి మాట్లాడేది బృందంలోని మధుబాబు. అతను అందులో ఒక్క వరుస కూడా రాయలేదు. ఏంజెల్ అతిథులకు బొకేలు అందించాలట.

పోస్టరు మీద ఎవరి ఫొటో వేయాలన్న మాట వచ్చింది. అమ్మాయిలు ఖాళీ కప్పులు తీస్తుండగానే, మగపిల్లలు వాళ్ల ఫొటోలు ఫోన్లో జరుపుతూ ఈమె లావు, ఈమె ముసుగేసుకుంటుంది, ఈమె నవ్వు బాగుంది అని సంతలో పశువుల్ని ఎంచినట్టు ఎంచారు. చివరికి ఏంజెల్‌ని ఖాయం చేసి, ఫొటోలో కళ్లజోడు తీసేసి, రంగు కాస్త తెల్లగా చేయమని షాహీన్‌కు చెప్పారు. ఏంజెల్ తల వంచుకుని కప్పులు కడగడానికి వెళ్లిపోయింది.

ఇంటికెళ్లి షాహీన్ ఆ ఫొటో తెరిచింది. స్క్రీన్ మీద స్నేహితురాలి ముఖం తెల్లబడుతూ పోయింది. చెరువుగట్ల ఎండకు కమిలిన ఛాయ తన వేళ్ల కిందే చెరిగిపోతుంటే ఆమెకు రోత పుట్టింది. అక్కడితో ఆపేసి, మర్నాడు శేషగిరిరావుగారి దగ్గరికి వెళ్లి, ఏంజెల్‌నే మాట్లాడనివ్వమని అడిగింది.

ఆయన కసురుకోలేదు. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు.

"చూడమ్మా, ఆ పిల్ల మీద అభిమానంతోనే చెబుతున్నాను. పెద్దవాళ్లొస్తారు, ఏవో ప్రశ్నలేస్తారు. పాపం, కంగారు పడుతుంది. చక్కగా ముందు వరుసలో కనబడితే చాలదటమ్మా?"

కసిరి ఉంటే కోపం వచ్చేది. ఆ మెత్తటి మాటలు మాత్రం ఒంటికి జిగురులా అంటుకున్నట్టు అనిపించి, ఆమెకు అక్కడ కూర్చోబుద్ధి కాలేదు.

దారిలోనే ఏంజెల్‌కు ఫోన్ చేసింది. ఆయన అన్నదంతా చెప్పింది.

"ఉన్నది ఉన్నట్టు వెయ్యి షాహీన్. నా ఫొటో మాత్రం వద్దు," అంది ఏంజెల్.

షాహీన్ అలాగే వేసింది. పైన మహిళాశక్తి, కింద వరుసగా మగవాళ్ల ఫొటోలు. ఆ కింద, 'ప్రోగ్రాం రాసినది ఏంజెల్. దాని గురించి మాట్లాడేది మధుబాబు. సభలో ఏంజెల్ పని బొకేలు అందించడం.' ఆ పోస్టరును ఆమే బృందపు వాట్సాప్ గ్రూపులో పెట్టింది.

అందులో అబద్ధముందని ఒక్కరూ అనలేదు. మర్యాద తెలియని పిల్లలన్నారు. ఇద్దరినీ గ్రూపులోంచి తీసేశారు. ఇంటర్నెట్‌లో దొరికిన ఎవరో తెల్లటి అమ్మాయి బొమ్మతో సభ జరిగింది, చప్పట్లూ మోగాయి. వాటి గురించి విన్నప్పుడు షాహీన్‌కు మళ్లీ అదే రోత పుట్టింది.

అయితే మిగతా అమ్మాయిల్లో చాలామంది ఆ సభకు వెళ్లలేదు. ఏంజెల్ మేనత్త అచ్చమ్మ టీచరుగా చేసి రిటైరైన మనిషి. అమ్మాయిలు విడిగా కలుసుకోవడానికి ఆవిడ దెందులూరులో తమ చర్చి పక్కనున్న గది అడిగి ఇప్పించింది. అక్కడికి కొల్లేటి రైతులు కూడా వచ్చారు. ఏంజెల్ మాట్లాడింది. మొదట కాస్త తడబడింది. జగ్గారావు అనే రైతు, మబ్బు పట్టిన రోజున చెరువు బాగానే ఉన్నా ఫోను ఊరికే మోగదు కదండీ అని అడిగాడు.

"అది ఇంకా తెలీదండీ. చూసి చెబుతాను," అంది ఏంజెల్. ఆయన సరేనని తలూపాడు. కొంపలేమీ మునగలేదు.

అందరూ లేవబోతుంటే అచ్చమ్మ అమ్మాయిలను ఆపింది.

"మిమ్మల్ని గౌరవిస్తున్నామని ఎవరైనా అంటే వెంటనే పొంగిపోకండమ్మా. మీ పని గురించి మిమ్మల్ని చెప్పనిస్తున్నారో లేదో చూసుకోండి. ఆడపిల్ల ముఖం ముందు పెట్టుకుని ఆమె నోరు నొక్కేవాళ్లు ఎంత మెత్తగా మాట్లాడినా, వాళ్లు చేసేది అవమానమే."