కార్డు తర్వాత వేయించుకుందాం

ఆయుధ పూజకు ముందు ఇంట్లో పనిముట్లన్నీ తుడిచి ఉంచడం నా పని. మా ఆయన మోహన్‌కుమార్ కారు, మరిది తేజస్ బైకు, ఇద్దరి ల్యాప్‌టాప్‌లు, అత్తగారి కుట్టు మిషను. అన్నీ అయ్యాక వంటింట్లో మిక్సీ. పూజలో పెట్టిన పనిముట్టును ఆ రోజంతా ముట్టుకోకూడదని, దానికీ విశ్రాంతి కావాలని అత్తగారి పట్టు. కారు కదలదు, ల్యాప్‌టాప్‌లు తెరుచుకోవు, కుట్టు మిషను పూలు పెట్టుకుని మూల కూర్చుంటుంది. మిక్సీ మాత్రం బొట్టు ఆరకముందే చట్నీ రుబ్బాలి. పెళ్ళై వచ్చినప్పటి నుంచీ ఇదే చూస్తున్నాను. మొదట్లో నవ్వొచ్చేది.

ఈసారి పూజకు కొత్త వస్తువొకటి కావాలన్నాను. గేమింగ్ కంప్యూటర్. బెళ్ళందూరు ఆఫీసులో నా పక్క సీటు ఫర్హానా. వాళ్ళింట్లో ఒకసారి లారీ నడిపే ఆట ఆడాను. పొడవాటి రోడ్డు, వాన, అద్దం మీద వైపర్లు, వెనకాల సరుకు. కూర ఏం చేశావని అడిగేవాళ్ళు ఆ రోడ్డు మీద ఒక్కరూ లేరు. ఇంటికొచ్చి బియ్యం కడుగుతున్నా మనసు ఆ స్టీరింగ్ దగ్గరే ఉండిపోయింది. ఒక వస్తువు అంతగా కావాలనిపించి నాకు చాలా కాలమైంది.

"ఎవరికి, తేజస్‌కా?" అన్నాడు మోహన్.

నాకే, అన్నాను.

"నిజం కారే నేర్చుకోలేదు, లారీ ఏం నడుపుతావు!" అని నవ్వాడు.

కారు నేర్పమని అడిగినప్పుడల్లా తర్వాత చూద్దామన్నది తనే. సంగీతం క్లాసూ తర్వాతే. ఆఫీసు వాళ్ళు మైసూరు శిక్షణకు పంపుతామంటే అదీ తర్వాతే. మోహన్ ఏనాడూ దేనికీ వద్దనలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. వద్దన్నవాడితో పోట్లాడొచ్చు. తర్వాత అన్నవాడితో ఏమని పోట్లాడను? అత్తగారు సొన్నమ్మ మాత్రం సూటి మనిషి. "కోడలు ఆటాడుకుంటా కూచుంటే ఇల్లు ఎవురు చూసేదప్పా?" అని కొడుకుని అడిగింది. అక్కడే కూర్చుని బీన్స్ తుంచుతున్న నన్ను అడగలేదు. నా బోనస్ డబ్బు కాబట్టి కొనడం వరకూ ఖాయమైంది. ఏది కొనాలన్నది మాత్రం అడక్కుండానే మోహన్ చేతికి పోయింది.

కంప్యూటర్ సామాన్లమ్మే ఎస్.పి. రోడ్డులో దుకాణం గురుమూర్తిది. ఆయన నన్ను చూసి మర్యాదగా నవ్వి, మోహన్‌తో మాట్లాడాడు.

"ప్రాసెసర్లు రెండు రకాలు ఉండాయి సార్. ఈ మొదటిది తీసుకుంటే బొమ్మ చూపించే పని కూడా అదే చేస్తాది. ఇంటి పనులకు చాలు. పెద్ద ఆటలు పెడితే మాత్రం తట్టుకోదు, గ్రాఫిక్స్ కార్డు వేరేగా వెయ్యల్ల. రెండోది ఉండాదే, ఇది ఆటలకు గట్టిది. దీంట్లో బొమ్మ చూపించేది లేదు. కార్డు లేకపోతే స్క్రీన్ మీద ఏమీ రాదు."

"మొదటిదే ఇవ్వండి," అన్నాడు మోహన్. నా వైపు తిరిగి, "సుమా, కార్డు తర్వాత వేయించుకుందాంలే. అంతవరకూ అమ్మకు సీరియళ్ళు, తేజస్‌కు ఆఫీసు పని, కరెంటు బిల్లులు, అన్నిటికీ అక్కరకొస్తాది," అన్నాడు.

మాట సబబుగానే ఉంది. అతని మాటలెప్పుడూ సబబుగానే ఉంటాయి. ఆ పెట్టె మా హాల్లో ఎలా బతుకుతుందో నాకు అప్పుడే కనిపించింది. ఎవరు పిలిస్తే వాళ్ళకు పలుకుతుంది. అన్ని పనులూ ఒక్కతే నెట్టుకొస్తోంది కదా, ఇంకేం కావాలి దానికి అంటారు. నా లారీ మాత్రం అడుగడుక్కీ ఆగుతుంది. కార్డు ఎప్పటికీ రాదు. కోపం వచ్చింది, కానీ గొంతు మామూలుగానే ఉంది.

"రెండోది ఇవ్వండి," అన్నాను.

గురుమూర్తి మోహన్ వైపు చూశాడు. "కార్డు లేకుంటే అది వెలగనే వెలగదు మేడమ్."

"అందుకే అది కావాలి. కార్డు కూడా ఇప్పుడే బిగించండి."

బోనస్ డబ్బు నేనే కట్టాను. మోహన్ పెట్టెను కారు డిక్కీలో పెట్టాడు.

పూజ రోజు అత్తగారు పళ్ళెం పట్టుకుని కంప్యూటర్ ముందు ఆగింది. "ఇది ఎవురిది? ఎవురిదో వాళ్ళే బొట్టు పెట్టల్ల."

"నాది అత్తా," అన్నాను. తేజస్ తలెత్తి చూశాడు. నేను బొట్టు పెట్టి, చామంతి పువ్వొకటి పైన ఉంచాను. ఇవాళ దాన్ని ముట్టను, లారీ రేపటిదాకా ఆగగలదు.

కుంకుమ గిన్నెతో అలాగే వంటింట్లోకి వెళ్ళాను. మిక్సీకి బొట్టు పెట్టాను. స్టవ్వుకు, కత్తిపీటకు కూడా పెట్టి తలో పువ్వూ ఉంచాను. మిక్సీ ప్లగ్గు తీసి, తీగ చక్కగా చుట్టాను. హాల్లోకి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"సుమా, చట్నీ రుబ్బినావా?" అన్నాడు మోహన్.

"తర్వాత," అన్నాను.