కరియ కంటి వేడి

పునీత్ పెరట్లో కుక్క ముందు గిన్నెలు వరసగా పెట్టాడు. ఒక గిన్నెలో పాలు, ఒకదాంట్లో కోడికూర, ఇంకోదాంట్లో పావగడ బజారులో కొన్న కుక్క బిస్కెట్లు. చివర్న సొట్టపడిన స్టీలు టిఫిన్ డబ్బా. అందులో రాగిముద్ద, చెనిక్కాయ చట్నీ.

డబ్బా యశ్‌ది. యశ్ పునీత్‌కు బామ్మర్ది, వల్లూరు సోలార్ పార్కు గేటు దగ్గర సెక్యూరిటీ. మధ్యాహ్నం డబ్బా విప్పితే సగం తనకు, సగం అక్కడే తిరిగే నల్లకుక్క కరియకు. పోయిన నెల నాగలమడిక రోడ్డులో లారీ అతని బైకును గుద్దింది. యశ్ అక్కడికక్కడే పోయాడు. కరియ మాత్రం గేటు వదల్లేదు. చివరికి పునీత్ భార్య నేత్రావతే వెళ్లి తమ్ముడి కుక్కను చంకనేసుకుని ఇంటికి తెచ్చుకుంది. వచ్చినప్పటి నుంచి అది నీళ్లు తప్ప ఏదీ ముట్టదు.

"ఇది కూడా పోతే నా తమ్ముడు రెండోసారి పోయినట్లే," అంది నేత్రావతి మొగుడితో. ఆ మాట పునీత్ గుండెలో మేకులా దిగింది. ఎట్లాగైనా దీని చేత తినిపించాలి.

పార్కులో థర్మల్ కెమెరా పట్టుకుని ప్యానెళ్ల మధ్య నడవడం అతని ఉద్యోగం. చెడిపోయిన చోటు వేడెక్కుతుంది, తెర మీద ఎర్రగా కనబడుతుంది. ఇష్టమైన తిండి ఎదురుగా ఉంటే కుక్క కంటి కొసన వేడి పెరుగుతుందని, దాన్నిబట్టి దానికేది ఇష్టమో కనిపెడుతున్నారని ఫోనులో ఒక వీడియో చూశాడు. అంతే, ఆ సాయంత్రం కెమెరా ఇంటికొచ్చింది.

"కుక్కను కూడా రిపేరు చేస్తావా ఏంది?" అంది నేత్రావతి.

"ఊరికే ఉండవే. నోరులేని దాని మనసు ఇది చెప్తాది."

ఒక్కో గిన్నెకూ ఒక్కో బొమ్మ తీశాడు. పాలు పెడితే కరియ మొహం తిప్పుకుంది. కోడికూరకు కళ్లు మూసుకుంది. బిస్కెట్లను వాసన చూసి వదిలేసింది. డబ్బా మూత తీసిన చప్పుడుకు దాని చెవులు నిక్కాయి. లేచి, తూలుతూ వచ్చి, ముద్దలో రెండు కబళాలు మింగింది. తెర మీద దాని కంటి కొస నిప్పుకణంలా వెలిగింది.

"చూస్తివా! కండ్లు ఎట్ల మండుతుండాయో!" అని అరిచాడు పునీత్.

నేత్రావతి నవ్వింది. తమ్ముడు పోయాక ఆమె నవ్వడం అదే మొదలు.

ఆ రోజు నుంచి పొద్దూకితే అదే పని. డబ్బా పెట్టడం, కెమెరా పట్టడం. కంటి వేడి రోజురోజుకీ పెరుగుతోంది. కరియ తినడం మాత్రం తగ్గుతోంది.

"ఆశ పెరుగుతా ఉండాదే. దుఃఖంతో మింగలేకుండాది. తింటాది, చూడు."

"వొళ్లు కాలిపోతా ఉండాదయ్యా. తడి నేల వెతుక్కుని పండుకుంటుండాది. డాక్టరుకు చూపిద్దామా?"

"ఈ ఎండల్లో కాలని వొళ్లు ఎవరిదే?"

ఆదివారం ఓబులేశ్ వచ్చాడు. పార్కులో ప్యానెళ్లు కడిగే ట్రాక్టర్ అతనిదే. వెనకాలే అతని ఎర్రకుక్క.

"ఏమప్పా పునీతా, కుక్కకు ఫోటో తీస్తుండావు? సంబంధం చూస్తుండావా?"

నేత్రావతి పైట అడ్డం పెట్టుకుని నవ్వింది. పునీత్ గర్వంగా తెర చూపించి సంగతంతా చెప్పాడు. ఓబులేశ్ తొంగిచూసి వేళాకోళంగా అన్నాడు.

"అది సరేప్పా, పక్క ప్యానెల్ యాడ?"

కొత్తగా చేరిన ప్రతివాడికీ పునీతే నేర్పే మొదటి పాఠం అది. మిట్టమధ్యాహ్నం అన్ని ప్యానెళ్లూ కాలుతూనే ఉంటాయి. పక్కదాని కంటే ఎక్కువ కాలేదే చెడిపోయింది. పక్కది చూడకుండా తీర్పు చెప్పేవాణ్ణి పార్కులో గాడిద అంటారు.

కెమెరాను ఎర్రకుక్క మీదికి తిప్పాడు. అదే ఎండ, అదే పెరడు. డబ్బా చూపిస్తే అది ఎగిరి తోకాడించి, ముద్దంతా మింగేసింది. దాని కంటి కొస రవ్వంత వెలిగి ఊరుకుంది. పక్కనే కరియ తల నుంచి తోక దాకా మండిపోతోంది.

"జరమే ఇది," అన్నాడు పునీత్.

కెమెరా మెడలో అట్లాగే వేలాడుతుండగా బైకు తీశాడు. వెనక నేత్రావతి, ఆమె కొంగులో కరియ. పావగడ పశువుల ఆస్పత్రిలో డాక్టరు కుక్క చెవి మడిచి చూపించాడు. లోపల రక్తం పీల్చే గోమార్లు గుత్తులుగా పట్టి ఉన్నాయి.

"వీటితో వచ్చే జ్వరం. రక్తం మిగల్లేదు. మొదట్లోనే తెచ్చుంటే సూదిమందుతో పోయేది."

సెలైన్ ఎక్కించారు. కొండ నీడ ఆస్పత్రి గోడ ఎక్కేలోపే కరియ ఊపిరి ఆగింది.

నేత్రావతి ఏడవలేదు. కరియ తల నిమురుతూ అడిగింది.

"మొదటి రోజు డబ్బా చూసి దాని కండ్లు మండినాయే... అది నా తమ్ముడి కోసమా, జరమా?"

పునీత్ అటు తిరిగి కెమెరాలో మొదటి రోజు బొమ్మలు తెరిచి చూశాడు. పాలు, కోడికూర, బిస్కెట్లు, డబ్బా. నాలుగింట్లోనూ కన్ను ఒకే ఎరుపు. ఆ సాయంత్రం భార్య నవ్వు చూసిన సంబరంలో మిగతా మూడు బొమ్మల వంక మళ్లీ చూడనేలేదు.

"యశ్ కోసమేనే," అన్నాడు. "ఆ పొద్దు జరం లేదు."

నేత్రావతి అతని మొహంలోకి చూసింది.

"చెవులు ఎర్రగయినాయి నీకు. అబద్ధం చెప్తే ఎప్పుడూ అంతే. దానికి కెమెరా అక్కర్లే."

కరియ మీద కొంగు కప్పి, తల వంచుకుని అంది.

"అయినా ఇంకోసారి చెప్పయ్యా."

పునీత్ చెప్పాడు.