వెలిసిపోయిన ఫోల్డరు

తమ్ముడు చిన్నోడు మోసగాడని వెల్డరు తన పెళ్ళాంతో అనని పూట లేదు. ఎనిమిదో తరగతిలో బడి మానేసి, నాన్న షెడ్డులో నిప్పురవ్వల మధ్య కళ్ళు పాడుచేసుకుని తమ్ముణ్ణి చదివించింది తను. చదువుకున్నది వాడు. నాన్న పోయాక స్థలం పంపకాల కాగితాన్ని వాడు పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇస్తే, వెల్డరు దాన్ని తేలును పట్టుకున్నట్టు పట్టుకుని జిరాక్స్ షాపుకు వెళ్ళాడు.

కాగితంలో వంక పెట్టడానికేం లేదు. రోడ్డు వైపు ముప్పై అడుగుల్లో ఇరవయ్యారున్నర అన్నకి. వెనక భాగం తమ్ముడిది, అందులోకి మూడున్నర అడుగుల దారి. చదివించినందుకట. అంత మంచితనం చూస్తేనే వెల్డరుకి అనుమానం వచ్చింది.

షాపావిడ కంప్యూటర్లో దాచిన ఫైళ్ళు కూడా కనపడతాయి. కాగితం పక్కన రంగు వెలిసిన ఫోల్డరొకటి ఉంది. పేరు సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్. కంప్యూటరు తన పనికోసం పెట్టుకుంటుందనీ, మామూలుగా ఎవరికీ కనపడదనీ ఆవిడ చెప్పింది.

"పెట్టినవాడికి కూడానా?" అన్నాడు వెల్డరు.

తెరిపిస్తే, అంకెలూ అక్షరాలూ కలిసిన పొడుగాటి వరస. తనకి తెలియని ఇంకో స్థలం సర్వే నంబరే అయ్యుంటుందని తేల్చుకున్నాడు.

షాపుకి పిలిపించి నిలదీస్తే చిన్నోడు మొదట నవ్వాడు, అదే వాడి తప్పు. తర్వాత అన్న కళ్ళముందే ఫోల్డరు తుడిచేశాడు. పెన్‌డ్రైవ్ తీసి మళ్ళీ పెట్టమన్నాడు వెల్డరు. పెట్టాడు. ఫోల్డరు మళ్ళీ వచ్చి కూర్చుంది.

"అది దానంతటదే వస్తుంది అన్నయ్యా."

"దానంతటదే వచ్చేది తుమ్మొక్కటేరా."

నోటికాడి ముద్ద కాలదన్నుకోవద్దని పెళ్ళాం మొత్తుకుంది. లోపలేముందో తేలేదాకా సంతకం పెట్టనన్నాడాయన. చిన్నోడు కొన్నాళ్ళు ఓర్చుకున్నాడు. వాడి పెళ్ళాం ఓర్చుకోలేదు. పెద్దమనుషులొచ్చారు, టేపు లాగారు, సగం సగమన్నారు. మధ్యలో గోడ లేచింది.

కొత్త కాగితాన్ని తన దగ్గరే భద్రంగా ఉంచుకుందామని వెల్డరు కొత్త పెన్‌డ్రైవ్ కొన్నాడు. అట్టపెట్టె తన కత్తెరతోనే కోశాడు. షాపావిడ కాగితం ఎక్కించింది. పక్కన వెలిసిపోయిన ఫోల్డరు.

"ఇది మావాడి చేతిలో పడలేదమ్మా."

"పడక్కర్లేదండీ. అన్నిట్లోనూ ఉంటుంది."

ఆయన షెడ్డుకొచ్చి టేపు తీశాడు. పెళ్ళాన్ని ఆ కొస పట్టుకోమని రోడ్డు వైపు మరోసారి కొలిచాడు. పదిహేనే వచ్చింది.

"ఎంత పోయినట్టండీ?" అందావిడ, తెలిసే.

పదకొండున్నర అడుగులు.