బావకు చెప్పిన మందు

మా బావ నన్ను ఎప్పుడూ "డాక్టరు గారూ" అనే పిలుస్తాడు. నేను డాక్టర్ని కాదు, కాంపౌండర్ని. ఎనిమిదేళ్ళుగా ఓ ఆస్పత్రిలో పుండ్లు కడిగి కట్లు కట్టడం నా పని. బావది వెటకారమని నాకు తెలుసు, నేనూ ఊరుకునే రకం కాదు. ఆయన లారీ డ్రైవరు. పది పదిహేను రోజులు తిరిగి ఇంటికొచ్చినప్పుడల్లా, "ఏం కెప్టెన్ గారూ, ఓడ ఒడ్డుకు చేరిందా?" అంటాను. బావాబావమరుదుల మాటలు ఇలాగే ఉంటాయి. ఒకరినొకరు ఆటపట్టించుకోవడం మా హక్కు. దేన్నీ ఎవరమూ మనసులో పెట్టుకోం.

మూడేళ్ళ కిందట నేనన్న ఒక్క మాటను మాత్రం ఆయన మనసులో పెట్టుకున్నాడు.

ఆ రోజు భోజనాలయ్యాక మెట్ల మీద కూర్చున్నాం. అక్క లోపల గిన్నెలు తోముతోంది. బావ గొంతు తగ్గించాడు.

"డాక్టరు గారూ, మీరు పుండ్లు కడిగే మందుంది చూడండి, అది ఎక్కడైనా పనిచేస్తుందా?"

"ఎక్కడైనా అంటే?"

"అదేనండీ... నెలలో సగం రోజులు రోడ్డు మీదే. మగాడన్నాక..." అని నవ్వాడు.

నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది. "దాంతో కడుక్కుంటే యముడు కూడా దగ్గరికి రాడు బావా!" అన్నాను.

అప్పట్నుంచి బండెక్కే ముందు ఆస్పత్రికొచ్చి ఓ సీసా యాంటీసెప్టిక్ అడిగి పట్టుకెళ్ళేవాడు. సరుకు దించేటప్పుడు చేతులు గీసుకుపోతాయి కాబోలు అనుకున్నాను. నిజానికి అలా అనుకుంటేనే నాకు నిద్ర పట్టేది. అడిగితే ఆయన చెప్తాడేమోనని భయపడి అడగలేదు.

అక్కకి రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండుసార్లూ పరీక్షల దాకా రాకుండానే పోయింది. ఇప్పుడు ఐదో నెల. ఈసారి నేనే పట్టుబట్టి మా ఆస్పత్రికి తీసుకొచ్చి రక్తపరీక్ష చేయించాను. మర్నాడు డాక్టరమ్మ నన్ను గదిలోకి పిలిచి తలుపేసింది.

"మీ అక్కకి సిఫిలిస్ ఉంది. వెనకటివి పోవడానికీ ఇదే కారణం కావచ్చు. మీ బావ ఊళ్ళో ఉంటే వెంటనే పిలిపించు."

బావ వచ్చాడు. కట్లు కట్టే గదిలో కూర్చోబెట్టి సంగతి చెప్పాను. మొదట పట్టించుకోలేదు. తర్వాత మొహం పాలిపోయింది.

"అలా అవ్వడానికి వీల్లేదు. ప్రతిసారీ కడుక్కున్నాను. ఒక్కసారంటే ఒక్కసారి కూడా మానలేదు. నువ్వే కదా చెప్పింది!"

ఆయన నన్ను నువ్వు అనడం అదే మొదటిసారి.

"వేళాకోళానికి అన్నాను బావా."

"వేళాకోళమా? మందులిచ్చేవాడివి, మందు మీద వేళాకోళం ఆడతావని నేనెలా అనుకుంటాను?"

తిట్లు నోటిదాకా వచ్చాయి. కాలర్ పట్టుకుని గోడకేసి కొట్టాలనిపించింది. కానీ ఏ మొహం పెట్టుకుని? తిలాపాపం తలా పిడికెడు. నా పిడికిలి చిన్నదేమీ కాదు.

పక్క గదిలోంచి మా మాటలన్నీ విన్న డాక్టరమ్మ మాత్రం నన్ను వదల్లేదు. "అది చర్మం మీద గాయాలకయ్యా. ఈ జబ్బు ఒంట్లోకి దిగడానికి, మీరు తీరిగ్గా కడుక్కునేదాకా ఆగుతుందా? కండోమ్ గురించి చెప్పాల్సిన నోటితో ఇదా నువ్వు చెప్పింది?" అంది.

బావకీ అక్కకీ ఇంజెక్షన్లు ఇచ్చారు. అక్కకి విషయం డాక్టరమ్మే చెప్పింది. నేను వరండాలో నిలబడ్డాను. బావ బెంచీ చివర తల పట్టుకుని కూర్చున్నాడు. లోపల్నుంచి ఏడుపు వినిపిస్తుందేమోనని చూశాను. వినిపించలేదు. దానికే ఎక్కువ భయమేసింది.

డాక్టరమ్మ బయటికొచ్చాక లోపలికి వెళ్ళాను. అక్క మంచం అంచున కూర్చుని ఉంది. కాళ్ళ మీద పడదామని వంగాను.

"లేవరా. ఆయన సంగతి ఇంటికెళ్ళాక చూస్తాను," అంది. తల దించుకుని, "అది నాకూ ఇచ్చేవారు రా," అంది.

"ఏది?"

"ఆ మందు. ఇంటికొచ్చినప్పుడల్లా. ఆడవాళ్ళకీ మంచిదని నీ తమ్ముడే చెప్పాడన్నారు. ఎంత మండేదో! ఒక్కోసారి రెండ్రోజులు కూర్చోలేకపోయేదాన్ని. తమ్ముడితో ఎలా చెప్పను, సిగ్గు కదా. అయినా నువ్వు చెప్పిన మందు, మానకూడదని వాడుతూనే ఉన్నా."

నేను అలాంటి మాట ఎప్పుడూ అనలేదు. ఆ ముక్క ఇప్పుడు చెప్పి ఎవరికి ఉపయోగం? కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాను.

"ఇంజెక్షన్ పనిచేస్తుందట. కానీ ఇప్పటికే బిడ్డకి ఏమైనా జరిగిందో లేదో స్కానింగ్ చేస్తేగానీ చెప్పలేనంటోంది డాక్టరమ్మ," అంది అక్క. నా చెయ్యి లాగి పక్కన కూర్చోబెట్టుకుంది. "ఆవిడ మాటలు నాకు సరిగ్గా అర్థం కావు. నువ్వు చెప్పు. బిడ్డకేం కాదుగా?"

బావ దగ్గర ఒక్కనాడూ మాటకు తడుముకోని నోరు నాది.

"చెప్పరా," అంది అక్క. "నువ్వేం చెప్తే అదే నమ్ముతాను."