నడివీధిలో పడుగు

ఆ తెల్లవారుజామున పడుగు తాళ్లు బిగించింది లీలావతే. తర్వాత ఎప్పుడు తలచుకున్నా ఆమెకు తన చేతుల మీద తనకే కోపం వచ్చేది.

నగరిలో వాళ్ల వీధంతా పవర్‌లూములకు మారిపోయినా, ఆమె మామ దేవరాజులు మాత్రం చేతిమగ్గం వదల్లేదు. నెలకోసారి ఎండెక్కకముందే నడివీధిలో కర్రలు పాతి, నిలువు పోగుల పడుగును నూరడుగుల పొడవున చాచి, నూలుకు గంజి పూసి కుంచెలతో దువ్వాల్సిందే. అది ఆరేదాకా వీధిలో సైకిలు కూడా పోదు. జనం గొణుక్కుంటారు, ముసలాయన ముఖం చూసి ఊరుకుంటారు. పడుగుకు కత్తెర తగిలితే ఆయనకు ఇంట్లో దీపం ఆర్పినట్టే. చీర నేయడం పూర్తయితే తప్ప మగ్గం దగ్గరికి కత్తెర రానివ్వడు.

లీలావతి ఆ వీధికి ఆశా కార్యకర్త. వీధి చివరింటి స్రవంతికి ఇది తొలి కాన్పు. రక్తపోటు ఎక్కువగా ఉంది, కాన్పు తిరుపతి పెద్దాసుపత్రిలోనే జరగాలని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అంబులెన్సు గుమ్మం దాకా వస్తుందో లేదోనని లీలావతి వీధి వెడల్పు అడుగులతో కొలిచి మరీ చూసుకుంది. అన్నీ చూసుకుంది, పడుగు సంగతొక్కటి మరిచింది. ఎప్పుడూ చూసే సొంతింటి పని ఎవరి కంటికి ఆనుతుంది? కాన్పుకు ఇంకా పది రోజులున్నాయిలే అనుకుంది.

ఏడు గంటలప్పుడు, గంజి సగం ఆరుతుండగా, స్రవంతి అత్త చంద్రకాంతమ్మ రొప్పుతూ పరిగెత్తుకొచ్చింది.

"లీలా! కోడలు కండ్లు తేలేస్తాండాది. కాళ్లూ చేతులూ కొట్టుకుంటాండాది. బిరీన రా మే!"

"తలనొప్పేమన్నా ఉన్నిందా? ఎప్పట్నించి?"

"రేత్రి నించి. పైత్యమనుకోని శొంఠికాఫీ ఇచ్చినా."

లీలావతికి తిట్టు నోటిదాకా వచ్చింది. తలనొప్పి ప్రమాదమని ముందే చెప్పిపెట్టని తనకు తిట్టడానికి మాత్రం ముఖమేదీ? అంబులెన్సుకు ఫోను చేస్తూనే పరుగెత్తింది. ఫిట్సు ఆగింది గానీ స్రవంతికి తెలివి లేదు. ఆ పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోటి నురగ తుడిచింది. మళ్లీ మళ్లీ ఫిట్సు వస్తే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కకపోవచ్చు. ఆ సంగతి ఆ ఇంట్లో ఆమె ఒక్కదానికే తెలుసు.

పావుగంటలో అంబులెన్సు వచ్చి, వీధి మొదట్లోనే ఆగిపోయింది. డ్రైవరు రవిచంద్ర తల బయటపెట్టి అరిచాడు.

"దోవ యాడుందక్కా? ఇంటి ముందరికే వస్తాదంటివే!"

ఒకపక్క మూతల్లేని మురుగుకాలువ, ఇంకోపక్క అరుగులు, నడుమ పడుగు. ఖాళీ స్ట్రెచర్‌ను నిలువుగా పట్టుకొని ఎలాగో ఇంటిదాకా తెచ్చారు. స్రవంతిని ఎక్కించాక పట్టలేదు. ముందు మోస్తున్న ఆమె మొగుడు పునీత్ కాలు కాలువలోకి జారింది. స్ట్రెచర్ ఒరిగింది. లీలావతి తన ఒళ్లు అడ్డం పెట్టి ఆపింది. అప్పుడే స్రవంతి దవడ మళ్లీ బిగుసుకోసాగింది.

"పడుగు విప్పండప్పా!" అన్నారెవరో.

విప్పి చుట్టాలంటే అరగంట. ఆ అరగంట స్రవంతికి లేదు.

లీలావతి నోరు పెద్దదని వీధంతా చెప్పుకుంటారు. మామ ఎదుట మాత్రం ఆ నోరు తొమ్మిదేళ్లుగా లేవలేదు.

"మామా, కత్తెర యాడుండాది?"

కుంచెలు ఆగిపోయాయి.

"ఏమంటివి?"

"తప్పు నాది మామా. ఈ పొద్దు పడుగు వద్దని నేనే చెప్పుండాల. కోపమొస్తే రేపు నన్ను ఇంట్లోంచి గెంటేయండి. ఇప్పుడు మాత్రం కత్తెర ఇయ్యండి."

ముసలాయన ఆమెను చూశాడు, స్ట్రెచర్‌ను చూశాడు. లోపలికి పోయాడు. తలుపు వేసుకుంటాడేమో అనుకుంది లీలావతి. ఆయన కత్తెరతో తిరిగొచ్చాడు. ఆమె చెయ్యి చాచింది. ఆయన ఇవ్వలేదు.

"నువ్వు పొయ్యి ఆ బిడ్డ తల పట్టుకో."

తానే కోశాడు. బిగువు మీదున్న పోగులు రెండు పక్కలకూ ఎగిరి మట్టిలో పడ్డాయి. జనం కర్రలు పీకారు. రవిచంద్ర బండిని వెనక్కి నడుపుకుంటూ గుమ్మం దాకా తెచ్చాడు. స్రవంతికి బండిలోనే సూది వేశారు. బండి పుత్తూరు దాటింది, రేణిగుంట దాటింది, లీలావతి ఆ పిల్ల దవడ మీది నుంచి చూపు తిప్పలేదు.

చీకటి పడే వేళకు లీలావతి తిరిగొచ్చింది. దేవరాజులు అరుగు మీద కూర్చొని, తెగిన పడుగును ఒళ్లో వేసుకొని మట్టి దులుపుతున్నాడు. ఆమె ఎదురుగా నిలబడింది.

"తల్లి ఎట్లుండాది?" తలెత్తకుండానే అడిగాడు.

"కండ్లు తెరిచింది మామా. ఆపరేషన్ చేసినారు. ఆడబిడ్డ. ఇద్దరూ బాగుండారు."

ఆయన ఒక పోగును గోటితో విడదీసి మట్టి దులిపాడు.

"ఇంక మీదట పడుగు పట్టే ముందర నీ రిజిస్టరు తెచ్చి సూపించు. ఎవురికి నెలలు నిండినాయో సూసుకోనే తాళ్లు కడదాం."

లీలావతి అరుగు మీద కూలబడి, పొద్దుటి నుంచి ఆపుకున్న ఏడుపంతా ఏడ్చింది. ఆయన ఓదార్చలేదు. తెగిన పోగుల కొసలు ఆమె చేతిలో పెట్టి, అతకమన్నాడు.